నలభై రోజుల హాజరు

వికారాబాద్,
22 జూన్ 2025, ఆదివారం.

తాజన్నకు,

నాలుగు రోజులుగా మబ్బు పట్టి ఉంది, వాన మాత్రం పడటం లేదు. ఉక్కగా ఉంది. ఈ రోజు సెలవే అయినా కాలేజీకి వెళ్ళాను. పాత బీరువాల్లో ఉన్న, ట్రైనింగ్ పిల్లలు రాసిన పాఠ్య పథకాల పుస్తకాలన్నీ దించి, చెదలు పట్టినవి పక్కన పెట్టి, మిగిలినవి ఏడాదుల వారీగా కట్టలు కట్టాము. అటెండరు పరమేశ్ దుమ్ము దులుపుతూ, "మేడం, గివన్ని ఎవలన్న చదివిన్రా, ఊకె జమ చేసిన్రా?" అని అడిగాడు.

ఫోన్ చేద్దామనుకున్నాను. ఫోన్లో నీకు సగం వినబడదు, వినబడని సగానికి కూడా "ఆఁ ఆఁ" అంటావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

మా కాలేజీ పద్ధతి మారుతున్నది. ఇంతవరకు ర్యాంకు కాగితం తెచ్చినవాళ్ళందరికీ డి.ఎడ్. లో సీటు ఇచ్చేవాళ్ళం. ఈ ఏడు నుంచి అభ్యర్థి మా ముందు కూర్చొని ఒక పేజీ గట్టిగా చదవాలి. చదివింది ఎదురుగా ఉన్న చిన్నపిల్లకు అర్థమయ్యేటట్టు చెప్పాలి. సగం పేజీ సొంతంగా రాయాలి. రాకపోతే సీటు ఖాళీగా ఉన్నా సరే, ఇవ్వకూడదు. చివరి సర్టిఫికెట్ కూడా అంతే. బళ్ళో నలభై రోజులు పాఠాలు చెప్పినట్లు రుజువైతేనే చేతికిస్తారు. పోయిన ఏడాది వాళ్ళ సర్టిఫికెట్లు ఇంకా మా దగ్గరే ఉన్నాయి గనుక వాళ్ళతోనే మొదలుపెడతారట. ఇందుకు ముగ్గురితో కమిటీ వేశారు. మా ప్రిన్సిపాల్, ఏసుదాసుగారని రిటైర్డ్ విద్యాధికారి, నేను.

ఇరవై ఏళ్ళుగా హెడ్‌మాస్టరుగా ఉన్నావు. కొత్తగా వచ్చే టీచరులో ముందు ఏం చూడాలో నీకు తెలుస్తుంది. నాలుగు మాటలు రాసి పంపు.

మనిద్దరం ట్రైనింగ్ చేసిన కాలంలో ఈ పరీక్ష ఉంటే నాకు సీటు వచ్చేది కాదు. నాకు అప్పుడు నత్తి. ఈ మాట కమిటీలో అనలేదు.

నీ చెల్లె,
పద్మారాణి.

*

తాండూరు,
6 జులై.

పద్మ చెల్లెకు,

ఇక్కడ రెండు మంచి వానలు పడ్డాయి. కంది విత్తుతున్నారు. బడిలో నలభై మూడు మందికి నిన్న పంతొమ్మిది మందే వచ్చారు. మిగతావాళ్ళు నాగలి వెంట పోయారు. నేను పొద్దున బషీరాబాద్ దాకా బస్సులో, అక్కడి నుంచి ఊరికి షేర్ ఆటోలో పోతున్నాను. నిన్న ఆటో బురదలో దిగబడితే దిగి నెట్టాను. "సారు గిట్ల నెట్టినంక ఇగ రిటైర్మెంటు ఎందుకు?" అని డ్రైవర్ నవ్వాడు. మార్చిలో రిటైర్ అవుతాను.

నువ్వు రాసింది చదివి సంతోషపడ్డాను. గట్టిగా పెట్టండి, జాలి చూపవద్దు. రెండేళ్ళ క్రితం మా బడికి తాత్కాలికంగా ఒక డి.ఎడ్. అబ్బాయి వచ్చాడు. యాభై రెండులో ఇరవై ఏడు తీసేస్తే ముప్పై ఐదని బోర్డు మీద రాశాడు. రెండు రోజులు అదే ఉంది. మూడో తరగతిలో ఒక పిల్లకు అది తప్పని తెలుసు. చెప్పడానికి భయపడి, తన పలక మీద కూడా ముప్పై ఐదే వేసుకుంది. ఆ పలక చూసి నాకు అన్నం సహించలేదు.

మా ఊరి పిల్లలు సగం మంది ఇంట్లో కన్నడం మాట్లాడుతారు. కొత్త టీచరు తెలుగులో అడిగితే "గొత్తిల్ల" అంటారు. తెలియదని అర్థం. పాఠం తెలియక కాదు, ప్రశ్న తెలియక. అది పట్టుకోగలిగినవాళ్ళే టీచరు కావాలి. నలభై రోజులు పిల్లల ముందు నిలబడితే గాని అది పట్టుబడదు. నిలబడనివాళ్ళు ఎవరి పిల్లలైనా సరే, కాగితం ఇవ్వకండి.

మా చెల్లెలు ఖాదర్‌బీ బిడ్డ షీరీన్ మీ దగ్గరే చదివింది కదా. ఆమె సర్టిఫికెట్ జర తొందరగా వచ్చేటట్టు చూడు. చెల్లెలు రోజూ అడుగుతున్నది.

తాజ్ మొహమ్మద్.

*

వికారాబాద్,
20 జులై.

తాజన్నకు,

వాన ఆగటం లేదు. బట్టలు ఆరటం లేదు. కమిటీ గదిలో ఫ్యాను కింద పుస్తకాలు ఆరబెట్టి చూస్తున్నాం.

నీ ఉత్తరం ప్రిన్సిపాల్‌కూ ఏసుదాసుగారికీ చదివి వినిపించాను. పలక సంగతి వినగానే ఏసుదాసుగారు, "ఈ హెడ్‌మాస్టరు ఎవరండీ, ఇట్లాంటివాళ్ళు ఉండాలి" అన్నారు. మరునాడే మీ బడి కట్ట విప్పారు.

పోయిన ఏడు అక్టోబర్ 28 నుంచి డిసెంబర్ 17 దాకా మీ బడికి పాఠాలు చెప్పడానికి ఆరుగురిని పంపాము. వాళ్ళు రాసిన ఆరు పాఠ్య పథకాల పుస్తకాలూ నా ముందున్నాయి. రెండో తరగతి తీసివేతల పాఠంలో ఒక లెక్క ఉంది. "ఎంకమ్మ పదిహేడు జొన్నరొట్టెలు చేసింది. పిల్లలు తొమ్మిది తిన్నారు. ఒకటి కుక్క ఎత్తుకుపోయింది. ఎన్ని మిగిలాయి?" లెక్క బాగుంది. కానీ ఆరు పుస్తకాల్లోనూ అదే ఎంకమ్మ, అవే పదిహేడు రొట్టెలు. కుక్క కూడా మారలేదు. ఒకరైనా పిల్లి అని రాయలేదు.

హాజరు పట్టిక కూడా చూశాము. నలభై రోజులూ ఆరుగురూ వచ్చారు. ఒక్కరికి జలుబైనా చేయలేదు. సంతకాలన్నీ ఒకే సిరాతో ఉన్నాయి. నవంబర్ 24న కూడా ఆరు సంతకాలున్నాయి. ఆ రోజు ఆదివారం.

ఆరుగురిలో షీరీన్ ఉంది. దోమ మండలం నుంచి వచ్చిన కృపారాణి అనే అమ్మాయీ ఉంది. కృపారాణికి తొందర ఎక్కువ. వాళ్ళ మండలంలోనే ఒక బళ్ళో టీచరు పోస్టుకు ఎంపికైంది. అక్టోబర్ నెలాఖరు లోపల సర్టిఫికెట్ చూపించకపోతే ఆ పోస్టు తర్వాతివాళ్ళకు పోతుంది.

ఏం జరిగిందో రాయి అన్నా. ఇది ఫోన్లో అడిగే మాట కాదు.

పద్మ.

*

తాండూరు,
2 ఆగస్టు.

పద్మారాణి గారికి,

నీ ఉత్తరం అందింది. ఆరుగురు అభ్యర్థులూ నలభై రోజులు క్రమం తప్పకుండా వచ్చారు. పిల్లలు ఒకరి పుస్తకం ఒకరు చూసి రాసుకోవడం మామూలే. ఆదివారం సంతకం పొరపాటు, ఆ పొరపాటు నాది. ఎంకమ్మ మా బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి.

ఇక్కడ వాన తెరిపి ఇచ్చింది. కందిలో కలుపు తీస్తున్నారు. నా కుడి చెవి పూర్తిగా పోయిందని డాక్టరు చెప్పాడు.

తాజ్ మొహమ్మద్,
ప్రధానోపాధ్యాయుడు.

*

వికారాబాద్,
10 ఆగస్టు.

తాజన్నకు,

ముప్పై నాలుగేళ్ళలో నువ్వు నన్ను "గారు" అనడం ఇదే మొదటిసారి.

శుక్రవారం కృపారాణి వచ్చింది. దోమ నుంచి పొద్దున ఐదింటికే బయలుదేరి, పరిగిలో బస్సు మారి, తొమ్మిదికి గేటు దగ్గర నిలబడింది. సన్నగా ఉంటుంది, తల వంచి మాట్లాడదు. సర్టిఫికెట్ గురించి అడిగింది. నేను ఆరు పుస్తకాలు ముందు పెట్టి, "ఇందులో నీది ఏది?" అన్నాను. అట్టలు చూడకుండానే మూడోది తీసింది.

"ఎట్లా పోల్చుకున్నావ్?"

"నూనె మరక ఉన్నది మేడం. ఎంకవ్వ ఇంట్ల రాసుకున్న. రొట్టెలు చేసుకుంట జరుగు జరుగు అనేది, జరగకపోతె గట్లనే మరక వడ్డది."

"మిగతావాళ్ళు నీది చూసి రాశారా?"

తన పుస్తకాన్ని మిగతా ఐదింటికి దూరంగా జరిపింది.

"వాళ్ళు బడికి వచ్చారా?"

"నన్ను అడగకున్రి మేడం. సార్‌ను అడుగున్రి. సార్ చెప్తడు."

"సార్ చెప్పాడు. అందరూ వచ్చారని రాశాడు."

"మరి సార్ రాసినంక నన్ను ఎందుకు అడుగుతున్రు?" అంది. పుస్తకం బల్ల మీద సర్ది పెట్టి వెళ్ళిపోయింది. పరమేశ్ చాయ్ తెచ్చేసరికి గేటు దాటింది.

అన్నా, నువ్వు రాసింది అబద్ధమని నాకెట్లా తెలుసు? అట్లాంటిదే నేనూ రాశాను గనుక. అదే పుస్తకాల చివర పర్యవేక్షకుల కాలమ్ ఉంది. నవంబర్ 12న, 26న, డిసెంబర్ 10న మీ బడికి వచ్చి, ఆరుగురి పాఠాలూ వెనక బెంచీలో కూర్చొని విన్నట్లు మూడు సంతకాలున్నాయి. అవి నావి. నేను మీ ఊరు ఎటు ఉంటుందో కూడా చూడలేదు. ప్రిన్సిపాల్ గదిలో చాయ్ తాగుతూ పెట్టాను. ప్రతి ఏడూ అట్లాగే పెడతాను. ఈ సంగతి ఇంతవరకు కమిటీలో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

కనుక నీ మీద కోపం తెచ్చుకునే హక్కు నాకు లేదు. నాకైనా నిజం రాయి.

పద్మ.

*

తాండూరు,
24 ఆగస్టు.

పద్మకు,

ఈ ఉత్తరం రెండుసార్లు రాసి చింపేశాను. ఇది మూడోది.

కృపారాణి ఒక్కతే వచ్చింది. మొదటి రోజు ఆటోలో ఒక సంచీ, ఒక చాపతో దిగింది. దోమ నుంచి రోజూ వచ్చి పోవడం కుదరదని ఎంకమ్మ ఇంట్లో ఉంటానంది. నలభై రోజులు ఉంది. పదో రోజుకే పిల్లలతో "ఒందు, ఎరడు, మూరు" అని కన్నడంలో లెక్క పెట్టి, అదే లెక్క తెలుగులోకి తెచ్చేది. బడికి రాని పిల్లల ఇళ్ళకు పొద్దున్నే పోయి చెయ్యి పట్టుకొని తెచ్చేది. నేను ముప్పై ఏళ్ళలో చేయలేని పని ఆ పిల్ల చేసింది. నా పనిలో సగం ఆమె మీద వేసి నేను కుర్చీలో కూర్చున్నాను, అది కూడా రాస్తున్నాను.

మిగతా ఐదుగురు రాలేదు. షీరీన్ హైదరాబాద్‌లో టీచరు పోస్టుల పరీక్షకు కోచింగ్‌లో ఉంది. ఖాదర్‌బీ మా ఇంటికొచ్చి కూర్చుంది. "భాయీ, పరీక్ష పాసైతెనే నౌకరీ. నీ బళ్ళె పిల్లలకు పాఠం చెప్తే మార్కులు ఎవరిస్తరు? నువ్వే హెడ్‌మాస్టర్‌వి, నువ్వే మామవి. ఇంకెవరిని అడగాలె నేను?" అంది. సరేనన్నాను. ఒక్కరికి సరే అన్నాక మిగతా నలుగురికి కాదనడానికి నోరు రాలేదు. వాళ్ళూ అదే కోచింగ్‌లో ఉన్నారు.

చివరి రోజు ఐదుగురూ ఒకే ఆటోలో వచ్చారు. అంతవరకు నేను కృపారాణి హాజరు ఒక పొడుగు కాగితం మీద పెట్టిస్తున్నాను. ఏ రోజుది ఆ రోజు. మధ్యలో జ్వరం వచ్చి రెండు రోజులు రాలేదు, ఆ రెండు గళ్ళు ఖాళీగా ఉన్నాయి. వాటి బదులు సెలవు రోజుల్లో రెండు రోజులు పిల్లలను పిలిచి చెప్పింది. ఆ కాగితం అట్లాగే ఉంచి, ఐదుగురికి వేరే కాగితం పెడితే తేడా తెలిసిపోతుందనిపించింది. కొత్త పట్టిక గీశాను. ఆరుగురూ వరసగా కూర్చొని నలభై రోజుల సంతకాలూ ఒకే పూట పెట్టారు. కృపారాణిని కూడా పెట్టమన్నాను.

"నావి ఉన్నయి గద సార్?" అంది.

"అందరివీ ఒక్క తీరుగ ఉండాలెనమ్మా," అన్నాను.

పెట్టింది. ఆ తర్వాత ఆమె పుస్తకం అడిగి తీసుకుని ఐదుగురికీ రాసుకోవడానికి ఇచ్చాను. పాత కాగితం ఆమె ముందే చింపాను. ఆమె ముక్కల వైపు చూసింది. ఆ రోజు బడి అయిపోయాక గది ఊడ్చింది కూడా ఆమే.

ఆ కాగితం ఒక్కటి ఉంటే ఈ రోజు ఆ పిల్లకు అది చాలు.

తాజ్.

*

వికారాబాద్,
7 సెప్టెంబర్.

తాజన్నకు,

ప్రవేశ పరీక్షలు ముగిశాయి. అరవై సీట్లకు నలభై ఒకటే నిండాయి. మంచి మార్కులు తెచ్చుకున్న ఒకబ్బాయి మూడో తరగతి వాచకంలో ఒక పేజీ చదవలేక చెమటలు పట్టి లేచి పోయాడు. నవాబుపేట నుంచి వచ్చిన ఒక పిల్లకు నత్తి. ఏసుదాసుగారు తల అడ్డంగా ఊపబోతుంటే, "ఆగండి, ఇంకో నిమిషం ఇద్దాం" అన్నాను. ఆ పిల్ల ఎదురుగా ఉన్న చిన్నదానికి కథ మొత్తం చెప్పింది. నిదానంగా చెప్పింది, చిన్నది కదలకుండా వింది. సీటు ఇచ్చాము. ఈ ఏడు నేను చేసిన మంచి పని ఇదొక్కటే.

ఇంక మన సంగతి. నువ్వు ఇదివరకు రాసిందే ఖాయం చేస్తే ఆరుగురికీ కాగితాలు వస్తాయి. కృపారాణికి పోస్టు దక్కుతుంది. నీ రిటైర్మెంటు సాఫీగా జరుగుతుంది. నా సంతకాల సంగతి కూడా ఎవరూ అడగరు. నిజం రాస్తే ఆరూ ఆగుతాయి. ఏది రాయమనాలో నాకు తెలియటం లేదు. ఐదుగురు పిల్లల ముందు నిలబడకుండానే టీచర్లు అవుతారు. నువ్వు చెప్పిన ఆ పలక పట్టుకున్న పిల్ల గుర్తొస్తున్నది. దోమలో నౌకరీ కోసం చూస్తున్న ఈ పిల్ల కూడా.

ఒక మాట అడగనా? నిజం రాసేటట్లయితే, నా పేరు రాయకుండా ఉండగలవా? నాకు ఇంకా నాలుగేళ్ళ సర్వీసు ఉంది. అడగకూడదని తెలుసు. అడిగేశాను.

పద్మ.

*

తాండూరు,
28 సెప్టెంబర్.

పద్మకు,

మూడు వారాలు పట్టింది. జరిగిందంతా ఒకటిన్నర పేజీ రాసి కమిటీకి రిజిస్టరు పోస్టులో పంపాను. కృపారాణి ఒక్కతే నలభై రోజులు చేసిందని, మిగతా ఐదుగురు చేయలేదని, అసలు హాజరు కాగితం నేనే చింపానని రాశాను. నీ పేరు రాయలేదు. నువ్వు మా బడికి రాలేదన్న సంగతి నీది, చెప్పాల్సిందీ నువ్వే.

కాగితం లేకపోయినా మనిషి ఉంది కదా అని ఎంకమ్మను అడిగాను. "గా పిల్ల నా ఇంట్లనే తిన్నది, నా ఇంట్లనే పన్నది. ఎవలకు చెప్పాల్నో చూపియ్యి సారూ, చెప్త," అంది. అక్టోబర్ 11 శనివారం మీ కమిటీ కూర్చుంటుందని తెలిసింది. పొద్దుటి ప్యాసింజర్‌లో ఆమెను తీసుకొని వస్తాను.

ఖాదర్‌బీకి చెప్పాను. అప్పటి నుంచి మా ఇంటికి రావటం లేదు. షీరీన్ మాత్రం వచ్చింది. "మామూ, నేను వచ్చి ఉంటే బాగుండేది," అంది. అంతే అంది.

తాజ్.

*

వికారాబాద్,
13 అక్టోబర్.

తాజన్నకు,

శనివారం నువ్వు బయట బెంచీ మీద కూర్చున్నావు. లోపల ఏం జరిగిందో నీకు తెలియాలి. బయటికి వచ్చాక చెబుదామనుకున్నాను, నీ ముఖం చూసి చెప్పలేకపోయాను.

ఎంకమ్మను కుర్చీలో కూర్చోమంటే నేల మీద కూర్చుంది. ఏసుదాసుగారు అడిగారు: "ఆ అమ్మాయి ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా మీ ఇంట్లో ఉంది?"

"తారీఖులు నాకేం ఎర్క సారూ. కంది పూతకొచ్చినంక వచ్చింది. కాయ గట్టివడ్డంక పోయింది."

ఆయన నవ్వలేదు. ఉన్నదున్నట్లు రాసుకున్నారు.

"మిగతా ఐదుగురు?"

"ఏ ఐదుగురు? ఒక్కనాడు ఆటోల దిగిన్రు. ఎంబడే సంతకాలు షురూ చేసిన్రు. పిల్లలకు పెట్టినంక కొంచెం పాయసం మిగిలితె తిన్నరు. ఒకడు ఇంకొంచెం ఉన్నదా అని అడిగిండు. గంతే, పోయిన్రు."

ప్రిన్సిపాల్‌కు నవ్వు వచ్చి దగ్గినట్లు చేశాడు. అప్పుడు ఏసుదాసుగారు పుస్తకం చివరి పేజీ తిప్పి, "పర్యవేక్షకులు మూడుసార్లు వచ్చినట్లుంది. మరి వాళ్ళకు ఈ ఐదుగురు కనిపించలేదా?" అన్నారు. ప్రిన్సిపాల్ కిటికీ వైపు చూశాడు. ఆ సంతకం ఎవరిదో ఆయనకు తెలుసు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. ఏసుదాసుగారు ఎంకమ్మనే అడిగారు: "వికారాబాద్ నుంచి మేడం ఎవరైనా వచ్చేవారా?"

"ఏ మేడమూ రాలే. మేడం అన్నోళ్ళను ఇగో గీమెనే మొదటిసారి చూస్తున్న," అని నన్ను చూపింది.

అప్పుడు చెప్పాను, నేనే అని. అంతకు ముందు చెప్పలేదు. నేనే ఒప్పుకున్నానని నువ్వు అనుకోకూడదని ఇది రాస్తున్నాను.

ఎంకమ్మ వెళ్ళాక కృపారాణి సంగతి వేరుగా చూడమని అడిగాను. ఏసుదాసుగారు కళ్ళద్దాలు తీసి పెట్టారు. "ఈ హెడ్‌మాస్టరు ఆరుగురు వచ్చారని ఒకసారి సంతకం పెట్టాడు. ఒక్కతే వచ్చిందని ఇప్పుడు సంతకం పెట్టాడు. పర్యవేక్షకురాలు రాకుండానే వచ్చానని పెట్టింది. మీరిద్దరూ కలిసి ఈ అమ్మాయికి సాక్ష్యం! నేను నమ్ముతున్నాను మేడం. వంటామె మాట వినగానే నమ్మాను. నా నమ్మకాన్ని ఫైల్లో ఎట్లా పెట్టను?"

తీర్మానం ఇది. ఆరుగురూ నవంబర్ 10 నుంచి వేరే బడిలో మళ్ళీ నలభై రోజులు చేయాలి. చేస్తేనే సర్టిఫికెట్. నీ మీద విచారణకు మీ పై అధికారులకు రాస్తారు. నన్ను కమిటీ నుంచీ పర్యవేక్షణ నుంచీ తీసేశారు.

కృపారాణి పోస్టు గడువు ఈ నెలాఖరుతో పోతుంది. దానికి ఎవరూ ఏమీ చేయలేరట. మళ్ళీ పోస్టులు పడ్డప్పుడు రాసుకోవచ్చు, కానీ చేతిలో సర్టిఫికెట్ ఉండాలి. ఆ నలభై రోజులు మళ్ళీ చేయడానికి ఒక దరఖాస్తు ఫారం నింపాలి. ఇందులో పెడుతున్నాను. నువ్వే తీసుకెళ్ళి ఆ పిల్ల చేత సంతకం పెట్టించు. నాకు ఆమె ముందుకు పోవడానికి మొహం లేదు. నీకూ ఉండదు. అయినా నువ్వు వెళ్ళు.

పద్మ.

*

తాండూరు,
11 నవంబర్.

పద్మకు,

పొద్దున చలి మొదలైంది. విచారణ కాగితం వచ్చింది, ఈ నెల 25న హాజరు కమ్మన్నారు. అడిగినదానికల్లా ఉన్నది ఉన్నట్టు చెబుతాను.

పోయిన ఆదివారం కాక ముందటి ఆదివారం, రెండో తారీఖున దోమకు వెళ్ళాను. తల్లీకూతుళ్ళు పత్తి ఏరి అప్పుడే ఇంటికొచ్చారు. కృపారాణి నాకు కుర్చీ వేసి మంచినీళ్ళు ఇచ్చింది. నేను చెప్పాల్సింది చెప్పాను. తప్పు చేశానన్నాను. ఆమె "సరే సార్" అంది.

ఫారం ఇచ్చాను. నేనే నింపి తీసుకుపోయాను, సంతకం ఒక్కటే మిగిల్చాను. నిలబడే మొత్తం చదివింది. మూడో వరస దగ్గర వేలు పెట్టింది. "నేను ఇంతకుముందు బోధనాభ్యాసం పూర్తి చేయలేదు గనుక మరొక అవకాశం ఇవ్వగలరు" అని అచ్చు వేసి ఉంది. నింపేటప్పుడు నేను ఆ వరస చదవలేదు.

"పూర్తి చేయలే అంటున్నరు సార్ ఇండ్ల."

"అందరికీ ఒకటే ఫారం అమ్మా."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గాని, ఇదివరకు ఎట్లాంటి మాట అన్నానో గుర్తు రాలేదు. ఆమెకు గుర్తుంది. నా వైపు చూసింది.

వాళ్ళమ్మ హన్మమ్మ, "పెట్టు బిడ్డా, సారు గింత దూరం వచ్చిండు. నలభై దినాలు ఎంతల పోతయి," అంది.

"ఒక్కసారి సార్ పెట్టుమంటె పెట్టిన అవ్వా. నలభై పెట్టిన. ఇంకొకటి పెట్ట."

"పెట్టకపోతె కాగితం రాదట గద?"

"రాకపాయె."

హన్మమ్మ నా వైపు తిరిగింది. "ఎంకమ్మకు బియ్యం నేనే పంపిన సారూ. రెండుసార్లు పంపిన. మా పిల్ల బడికి రాలేదంటె గా బియ్యం ఎవలు తిన్నట్టు?" అంది. కొట్లాటకు అడగలేదు. నిజంగానే అడిగింది. నేను లేచి నిలబడ్డాను. మళ్ళీ కూర్చున్నాను.

ఆ వరస కొట్టేసి సంతకం పెట్టమన్నాను. కొట్టివేతలున్న ఫారం తీసుకోరని కిందే రాసి ఉందని ఆమే చూపించింది. నేను కాలేజీకి రాస్తాను, వేరే ఫారం అడుగుతాను, కొన్ని రోజులు ఆగమన్నాను.

"మీరు రాయకున్రి సార్," అంది.

అయినా రాశాను. నీకు తెలిసే ఉంటుంది, ఫారం మార్చడం కుదరదని నాలుగో రోజే జవాబు వచ్చింది. దాన్ని పట్టుకొని మళ్ళీ దోమ పోలేదు. ఏడో తారీఖున బడి నుంచి ఫోన్ చేశాను. హన్మమ్మ ఎత్తింది. నాకు సరిగా వినబడలేదు. పక్కనున్న ఎంకమ్మకు ఫోనిస్తే ఆమె విని చెప్పింది. హైదరాబాద్‌లో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని దొరికిందట, హాస్టల్ ఉందట, సోమవారం పొద్దున బస్సుకు పోతుందట.

నిన్న సోమవారం, నవంబర్ 10న షీరీన్, మిగతా నలుగురూ వాళ్ళకు వేసిన బడిలో తొమ్మిది గంటలకు చేరి హాజరు సంతకం పెట్టారు. కృపారాణి అదే రోజు పొద్దున ఆరూ పదికి దోమలో పరిగి బస్సు ఎక్కింది. పరిగి నుంచి ఏడున్నర బస్సుకు హైదరాబాద్ వెళ్ళిపోయింది.

తాజ్.